ముందు చక్రాలు తిప్పిందెవరు

జీపు ముందు చక్రాలు నేలను పట్టుకుని బురదలోంచి పైకి లేచినప్పుడు నేను స్టీరింగు ముందే కూర్చుని ఉన్నాను. కిందికి దిగలేదు. తలుపు కూడా తెరవలేదు. ఈ సంగతి మొదటే చెప్పి పెడుతున్నాను, ఎందుకంటే మా ఇంట్లోనే దీన్ని ఒప్పుకునేవాళ్లు లేరు.

పత్రికలో ఇరవై ఏళ్లకు పైగా పనిచేశాను. దయ్యాలు తిరుగుతున్నాయంటూ జిల్లాల నుంచి వచ్చిన వార్తలు ఎన్నింటినో డెస్కులో పక్కన పడేశాను. ఇద్దరు వేర్వేరుగా ఒకే మాట చెప్పనిదే ఏదీ అచ్చుకు వెళ్లకూడదన్నది మా పద్ధతి. దయ్యం విషయంలో ఆ రెండో మనిషి నాకెప్పుడూ దొరకలేదు.

అవి తెలంగాణ ఉద్యమం ఉధృతంగా సాగుతున్న రోజులు. ఎల్బీనగర్ దాటాక హైవే పక్కన ఒక కాలనీలో ఉండేవాళ్లం. నాది నల్గొండ వైపు పల్లె. నా భార్య సుజాతది కృష్ణా జిల్లా. మా అమ్మాయి వెన్నెలకు ఎనిమిదేళ్లు. చిన్నప్పటి నుంచీ ఆయాసం. ఇన్‌హేలర్‌కు తగ్గకపోతే దిల్‌సుఖ్‌నగర్‌లో పిల్లల డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి.

ఆ పరుగు కోసమే బండి కొన్నాను. బాటసింగారం దగ్గర ఒక రైతు అమ్మిన పాత ఫోర్‌వీల్ జీపు. తెచ్చిన రోజే ఎదురింటి మల్లేశం గేటు దగ్గర నిలబడి, "అన్నా, గిది కారా, ట్రాక్టర్‌కు తమ్ముడా?" అన్నాడు. సుజాతకైతే అది అసలు నచ్చలేదు. "పెళ్లికి దీన్లో దిగితే ఎవర్నో అరెస్టు చేయడానికొచ్చామనుకుంటున్నారండీ జనం" అనేది. అయినా రెండేళ్లు స్కూలుకీ, కూరగాయలకీ, ఆస్పత్రికీ అదే మా బండి.

ఆ రకం జీపులో నాలుగు చక్రాలూ లాగాలంటే లోపల గేరు రాడ్డు పక్కనున్న చిన్న లివరు వేస్తే చాలదు. కిందికి దిగి, ముందు చక్రాల నడుమ ఉండే గుండ్రటి బిళ్లల్ని ఒక్కొక్కటిగా చేత్తో తిప్పి 'లాక్' దగ్గర పెట్టాలి. వాటిని హబ్బులంటారు. అవి తిప్పకపోతే ఇంజను బలం ముందు చక్రాలకు అందదు. మా జీపువి 'ఫ్రీ' దగ్గరే తుప్పుపట్టి బిగుసుకుపోయాయి.

నేను చెప్పే రోజుకు వారం ముందు సరూర్‌నగర్‌లో మెకానిక్ యాదగిరికి చూపించాను. డీజిల్ పోసి నానబెట్టాడు. పైపు రెంచి వేసి ఇద్దరం వేలాడాం. రెండిట్లో ఒక్కటీ కదల్లేదు. "ఇగ కోసుడే సార్. అయినా నీకు ఫోర్‌వీల్ ఎందుకు, దిల్‌సుఖ్‌నగర్ల కొండలెక్కుతవా?" అని నవ్వాడు. కోయాల్సిన చోటు గుర్తుకు రెండు హబ్బుల మీదా పసుపు రంగు గీత గీశాడు. గీత బిళ్ల మీది నుంచి దాని చుట్టూ ఉన్న ఇనుప అంచు దాకా వచ్చింది. విడిభాగాలు దొరికాక రమ్మన్నాడు.

ఆ రోజు బంద్. రాత్రంతా వాన కురిసి వెలిసింది. పొద్దున పది గంటలకు వెన్నెలకు ఆయాసం మొదలైంది. ఇన్‌హేలర్ రెండుసార్లు ఇచ్చినా తగ్గలేదు. పెదవులు నీలం తిరుగుతున్నాయి. ఆఫీసుకు ఫోన్ చేశాను. ఎల్బీనగర్ చౌరస్తాలో నిరసనగా రోడ్డు మీదే వంటావార్పు జరుగుతోందని, లారీలు అడ్డం పెట్టారని, బండి దూరే సందే లేదని మా రిపోర్టరు చెప్పాడు.

ఆ ఒక్కడి మాట నమ్మాను. రెండో మనిషిని అడగలేదు. నాలో ఇంకో భయం కూడా ఉంది. బండి ఆపితే సుజాత బతిమాలుతుంది, ఆమె యాస విని ఎవరైనా ఏమైనా అంటారేమోనని. అప్పటిదాకా ఎవరూ ఒక్క మాట అన్నది లేదు. అయినా హైవే ఎక్కకుండా, వెనక ఖాళీ ప్లాట్ల మీదుగా నాగోల్ వైపు తిప్పాను.

మర్నాడు మా పేపర్లోనే ఫొటో చూశాను. చౌరస్తాలో బంద్ చేస్తున్న కుర్రాళ్లే లారీలు జరిపించి అంబులెన్సుకు దారి ఇస్తున్నారు.

ప్లాట్లన్నీ నల్లరేగడి. హద్దురాళ్లు తప్ప ఏమీ లేవు. సగం దూరంలో వెనక చక్రాలు దిగబడ్డాయి. రేజ్ చేసినకొద్దీ ఇంకా లోతుకు పోయాయి. పక్క సీట్లో సుజాత ఒళ్లో వెన్నెల ఎగశ్వాస తీస్తోంది. చిన్న లివరు లాగాను. దానివల్ల ఉపయోగం లేదని తెలిసీ లాగాను. ఎవరైనా వస్తారేమోనని హారన్ మీద చెయ్యి పెట్టి అలాగే ఉంచాను. ఎంతసేపో తెలియదు. పాప ముఖం చూస్తూ ఉన్నాను.

అప్పుడు బండి ముందువైపు ఒక్కసారి గుంజింది. ముక్కు పైకెత్తి గట్టునపడింది.

ఆస్పత్రిలో మందు ఆవిరి పట్టారు. "ఇంకాస్త ఆలస్యమైతే కష్టమయ్యేది" అన్నారు డాక్టరు. మధ్యాహ్నానికి పెదవులకు రంగొచ్చింది. అప్పుడు సుజాత వరండాలో నా పక్కన కూర్చుని, "ఆ పెద్దాయనకు కనీసం థాంక్స్ కూడా చెప్పలేదండీ మనం" అంది.

ఏ పెద్దాయన అన్నాను.

"బనీను వేసుకున్నాయన. నా వైపు చక్రం దగ్గర కూర్చుని ఏదో తిప్పి, ముందునుంచి మీ వైపొచ్చాడుగా. మీరు తల కూడా ఊపారు!"

నేను ఎవరినీ చూడలేదు.

సాయంత్రం ఇంట్లో వెన్నెలను అడిగాను. అది నన్ను వింతగా చూసింది. "నువ్వే కదా నాన్నా దిగింది. చేతులకంతా బురద. అద్దంలోంచి నన్ను చూసి, అయిపోయింది బిడ్డా అన్నవ్."

నా ప్యాంటుకు, చెప్పులకు మట్టి లేదు. అడుగు పెట్టిన ప్రతివాళ్లనీ బురద తెచ్చారని తిట్టిన ఆస్పత్రి ఆయా నన్ను ఒక్క మాట అనలేదు.

రెండు రోజులాగి ఆ ప్లాట్లకు వెళ్లాను. మళ్లీ వాన పడి అడుగులేవీ మిగల్లేదు. దూరంగా రేకుల షెడ్డులో ఉండే కాపలా మనిషి మమ్మల్ని చూశానన్నాడు. "ఎవ్వలు రాలే సార్. నువ్వు సుత దిగలే. పెండ్లి బరాత్ లెక్క హారన్ కొట్టుకుంట కూసున్నవ్. జర సేపటికి బండే లేసింది."

అక్కడి నుంచి నేరుగా యాదగిరి దగ్గరికి పోయాను. ముందు చక్రం చూడగానే అతని ముఖం మాడిపోయింది. "ఎవని దగ్గర చేయించినవ్ సార్? నేను పనికిరానా?"

రెండు హబ్బులూ 'లాక్' దగ్గర ఉన్నాయి. పసుపు గీత రెండు ముక్కలైంది. అంచు మీది ముక్క అక్కడే ఉంది, బిళ్ల మీది ముక్క పక్కకు తిరిగింది. రంగు ఎక్కడా గీరుకోలేదు. రెంచి పట్టిన గుర్తు కూడా లేదు. యాదగిరి వెనక్కి తిప్పబోయాడు. నేనూ చెయ్యి వేశాను. కదల్లేదు. "గిది మనిషి చేత్తోని అయ్యేది కాదు" అని చేతులు తుడుచుకుంటూ, "కొయ్యాల్నా?" అని అడిగాడు. వద్దన్నాను.

డెస్కులో ఇలాంటి కాపీ వస్తే ఏం చేసేవాణ్నో నాకు తెలుసు. సుజాతను నమ్మితే వెన్నెల చెప్పింది తప్పు. వెన్నెలను నమ్మితే నా చెప్పులు తప్పు. కాపలా మనిషినీ నన్నూ నమ్మితే, ఇద్దరి మాటా కలిసింది, అచ్చుకు పంపొచ్చు. కానీ అప్పుడు హబ్బులు తిరగకూడదు.

వెన్నెల ఇప్పుడు కాలేజీలో చదువుతోంది. ఆ రోజు వాళ్ల నాన్న బురదలో దిగి తనను బతికించాడని స్నేహితులకు చెబుతుంది. మొదట్లో కాదని చెప్పేవాణ్ని. ఇప్పుడు ఏమీ అనను. దిగలేదని నాకు గుర్తుంది. కానీ సుజాత చెప్పిన ఆ తల ఊపడం నాకు గుర్తులేదు.

జీపు మా ఇంటి ముందే ఉంది. రెండు హబ్బులూ ఇంకా 'లాక్' మీదే ఉన్నాయి.