విషపు నత్త గుల్ల కింద నా చీటీ

నేను రాసిన చీటీని మా ఊరి గ్రంథాలయం కార్యదర్శి పదిమంది ముందు చింపేశాడు. అందులో నేను కల్పించిన మాట ఒక్కటీ లేదు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో సంగతి. నేను కరీంనగర్ జిల్లాలో మగ్గం నేసేవాణ్ని. వేములవాడ జాతరలో గవ్వలమ్మే ఆమె దగ్గర నాకొక గుల్ల దొరికింది. వేలెడు పొడవు, ఒక కొస సన్నం. ఒంటినిండా గోధుమరంగు గీతలతో డేరాల వంటి ముక్కోణాలు. ఆ నమూనాను తువ్వాలు అంచులోకి దింపాలని నెల రోజులు మగ్గంతో కుస్తీ పట్టాను. కుదరలేదు. మగ్గం మీద ఏ పువ్వైనా మళ్లీ మళ్లీ రావాలి. ఈ గుల్ల మీద ఒక ముక్కోణం లాంటిది ఇంకోటి లేదు. ఎవరు నేర్పారు దానికి ఈ నేత?

బడికి పోకపోయినా ఉర్దూ కూడబలుక్కుని నేర్చుకున్నవాణ్ని. గ్రంథాలయంలోని పాత ఉర్దూ పుస్తకంలో ఆ గుల్ల బొమ్మ కనపడింది. లోపల ఉండేది నత్త. పరుగెత్తలేదు కాబట్టి బోలుగా ఉండే విషపు పన్నును ఈటెలా విసిరి చేపలను వేటాడుతుందని అందులో ఉంది. అంత నిదానపు ప్రాణికి అంత ఉపాయమా అని మురిసిపోయాను. గుల్లను గ్రంథాలయానికే ఇచ్చి, కింద చీటీ అతికించాను: "ఇది చేపలను వేటాడే సముద్రపు నత్త. దీని విషానికి మనిషి కూడా చనిపోవచ్చు."

కార్యదర్శి పట్నంలో చదివొచ్చిన దొర కొడుకు.

"ఏందిర, నత్త మనిషిని సంపుతదా?"

"పుస్తకంల ఉన్నది దొరా. జర సూడుండ్రి."

"బడి మొకం సూడనోడు నాకు సదువు సెప్తుండు. రేపు మా పొలంల నత్తలు బందూకులు వట్టుకొస్తున్నయని రాస్తవ్."

అందరూ నవ్వారు. పుస్తకం తెరవనే లేదు. చీటీ చింపి, గుల్లను తన కాగితాలు ఎగరకుండా బరువుగా పెట్టుకున్నాడు. అంతటి ప్రాణి ఇల్లు అది!

తీరంలో చేపల మీద పరిశోధన చేసే ఒక కార్యాలయానికి గుల్ల బొమ్మ గీసి కార్డు రాశాను. జవాబు లేదు. మళ్లీ రాశాను. నాలుగో కార్డుకు వచ్చిన జవాబును, అందరూ ఉన్న వేళ చూసి, కార్యదర్శి బల్ల మీద పెట్టాను. ఆయన చదివి, గుల్ల కింది కాగితాలు మెల్లగా లాగేసుకున్నాడు. ఆ జవాబు ఇది:

"మీరు గీసిన గుల్లను గుర్తుపట్టాము. దాని విషం మనిషిని చంపగలదని మీరు రాసింది నిజమే. ఒక్కటి దిద్దుకోండి. ఈ రకం వేటాడేది చేపలను కాదు, తోటి నత్తలను. అది మార్చి, చీటీ మళ్లీ అతికించవచ్చు."