పెద్దమ్మ గొంతు, పదకొండు సెకన్లు

మా ఇంబాబా పేట సందులో శెహతా పాటలు పుట్టేది బట్టల బీరువాలో. వాళ్ళమ్మ పాత రజాయిలన్నీ బయటి చప్పుడు రాకుండా తలుపులకు మేకులతో దిగ్గొట్టి, అందులో తల దూర్చి, చెమటలు కక్కుతూ పాడేవాడు. పగలు వాషింగ్ మెషీన్లు బాగుచేసే పని, సాయంత్రమైతే పాటగాడు. బీరువా పక్కన మంచం మీద లాప్‌టాప్ పెట్టుకుని స్నేహితుడు బుందుక్ కూర్చునేవాడు. దరువు, మిక్సింగ్ అతగాడివి. పాట తయారవగానే ఇద్దరూ కలిసి ఇంటర్నెట్‌లో పెట్టేసేవారు. వినేదెందరయ్యా అంటే మూడు వందల మంది, అందులో సగం చుట్టాలు.

శెహతాకు ఒక పిచ్చి ఉండేది. చెవిన పడ్డ ప్రతి చప్పుడూ ఫోన్‌లో పట్టేవాడు. గ్యాస్ బండల వాడు స్పానర్‌తో కొట్టే మోత, టుక్‌టుక్ ఆటో హారన్, పక్కింటావిడ తుమ్ము, ఏదీ వదిలేవాడు కాదు. ఫోన్ ఎప్పుడూ నిండిపోయి ఉండేది కాబట్టి పనికొచ్చే ముక్క కోసి ఉంచుకుని, తక్కింది చెరిపేసేవాడు. అంతవరకు ఎవరికీ నష్టం లేదు.

వాళ్ళ పెద్దమ్మ నబవియాకు ఒక్కడే కొడుకు, సాబిర్. శెహతా కంటే రెండేళ్ళు పెద్ద. చిన్నప్పుడు నూనె డబ్బా బోర్లించి దరువు వేయడం శెహతాకు నేర్పింది అతనే. కొత్త మేడ కడుతుంటే పరంజా మీంచి పడి చనిపోయాడు. నలభయ్యో రోజున మగవాళ్ళంతా కింద పందిట్లో ఖురాన్ వింటూ కూర్చున్నారు, ఆడవాళ్ళు పైన గదిలో చేరారు. మావాళ్ళంతా దక్షిణాన సొహాగ్ పల్లెల నుంచి వచ్చినవాళ్ళు. చావింట్లో శోకం పాడటం ఆడవాళ్ళ పని, మగవాడు ఆ గుమ్మం తొక్కడు. చావు లేని ఇంట ఆ పాట నోట పలకకూడదు. తెలియక ఏ పిల్లయినా కూనిరాగం తీస్తే, ఇంటి మీదికి చావును పిలుస్తున్నావా అని తల్లి నోటి మీద ఒక్కటిస్తుంది. ఇదంతా శెహతాకు తెలుసు. తెలిసే, శోకం మొదలుకాక ముందే, “ఛార్జింగ్ పెట్టుకుంటా పెద్దమ్మా” అని గదిలో అరమర మీద ఫోన్ పెట్టి, రికార్డింగ్ నొక్కి, కిందికి దిగిపోయాడు. అన్న గుర్తుగా దాచుకుందామనే అని తనకు తాను చెప్పుకున్నాడు. అందులో సగం నిజమేనేమో. ఆ సగం వల్లనే వాణ్ణి నోరారా తిట్టడం నాకు ఇప్పటికీ చేతకావడం లేదు.

రాత్రి ఇంటికెళ్ళి విన్నాడు. నలభై నిమిషాల శోకంలో ఒకచోట పెద్దమ్మ గొంతు ఉన్నట్టుండి పైకి లేచింది. “గడియ వెయ్యకండమ్మా, నా బిడ్డ తాళం తీసుకెళ్ళలేదు” అంటూ పదకొండు సెకన్లు. శెహతా వెక్కి వెక్కి ఏడ్చాడు. ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చి, ఆ ముక్క కోసి దాచాడు.

ఆర్నెల్లకు అది బయటికి తీశాడు.

“ఎవరిదిరా ఈ గొంతు?” అన్నాడు బుందుక్.

“ఇంటర్నెట్‌లో దొరికింది.”

“ఎవరో ముసలమ్మ. ఇంతకీ పాడుతోందా, ఏడుస్తోందా?”

“పాడుతోందిలే. గొంతు సన్నం చెయ్యి, వేగం పెంచు. గుర్తుపట్టే వీలుండకూడదు.”

“ఎవరు గుర్తుపడతారని?”

“చెప్పింది చెయ్యవోయ్, ఊరికే ప్రశ్నలు.”

పాట పెట్టిన మూడో వారానికి పది లక్షల మంది విన్నారు. ప్రతి టుక్‌టుక్‌లో అదే, కోషరీ అన్నం కొట్టులో అదే. శెహతా తల్లి కూరగాయల బండి దగ్గర నిలబడి, అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ మావాడిదే అని చెప్పుకుంది. శెహతా కూడా కాలరెగరేసుకుని తిరిగాడు. పెద్దమ్మ ఇంటి ముందు మాత్రం తల వంచుకుని, గబగబా అడుగులేసేవాడు. ఆవిడకు ఫోన్ లేదు, ఇల్లు కదలదు, ఎలా తెలుస్తుందిలే అని ధైర్యం చెప్పుకునేవాడు.

ఒక శుక్రవారం నమాజు అయ్యాక ఎదురింటి పిల్ల రబాబ్ పెళ్ళి సామాను లారీలకెత్తారు. మా దగ్గర పెళ్ళికి ముందు అత్తారింటికి సామాను ఊరేగింపుగా వెళ్ళాలి, పాటలు అదిరిపోవాలి. సందులోనే ఇంత పేరున్న పాటగాడు ఉండగా బయటివాణ్ణి ఎవరు పిలుస్తారు? ముందు లారీలో ఫ్రిజ్‌కీ పరుపులకీ మధ్య మైకు పట్టుకుని శెహతా నిలబడ్డాడు. లారీ కదిలి పెద్దమ్మ ఇంటి కిందికి వచ్చింది. కొడుకు పోయాక బాల్కనీ మొహం చూడని మనిషి, రబాబ్ మీద ముద్దుకొద్దీ, దిష్టి తగలకుండా చల్లడానికి గుప్పెడు ఉప్పు పట్టుకుని ఆ రోజు బయటికొచ్చింది. ఆమెను చూసి శెహతా చెయ్యి ఊపి వద్దనేలోగా బుందుక్ ఆ పాటే నొక్కాడు.

ఆ పదకొండు సెకన్లు వచ్చాయి. సందంతా గొంతు కలిపింది, ఆడపిల్లలు చప్పట్లు కొట్టారు, రబాబ్ తమ్ముళ్ళు మంచం పట్టెల మీదెక్కి గంతులేశారు. పెద్దమ్మ గుప్పిట అలాగే ఆగిపోయింది. ఆమె స్పీకర్ల వంక చూడలేదు. శెహతా వంక చూసింది. ఉప్పు మెల్లగా పిట్టగోడ మీద పోసి, లోపలికెళ్ళి, తలుపులు మూసుకుంది.  నేల చీలితే శెహతా అందులోకి పోదామనుకున్నాడు, కానీ లారీ మీదున్నాడు. పాట మాత్రం ఆగలేదు.

ఇంటికి రాగానే తల్లి టీ పళ్ళెం విసిరికొట్టింది.

“అది మా అక్క గొంతురా. దాని ఏడుపుకి, అదీ పెళ్ళి సామాను మీద, జనాన్ని ఆడించావు. నా మొహం ఎక్కడ పెట్టుకోమంటావు?”

“గొంతు మార్చాం కదమ్మా.”

“దాని ఏడుపు దానికి తెలీదట్రా? ఇవాళ దాని మొహం చూశాక నాకే తెలిసింది. ఇన్నాళ్ళూ మావాడిదే మావాడిదే అని ఊగిపోయానే, నా చెవులు కోసుకోవాలి. పో, నాకు చెప్పకు. దాని కాళ్ళ దగ్గర చెప్పు.”

ఆ రాత్రే పాట తీసేశాడు. తెల్లారేసరికి అదే పాట ఇంకో పద్నాలుగు చోట్ల ఉంది. కిటికీ కింద టుక్‌టుక్ వెళ్ళినప్పుడల్లా చెవులు మూసుకున్నాడు. రెండు రోజులు పనికి పోలేదు, అన్నం సహించలేదు.

మా సొహాగ్‌లో మనిషిని చంపినవాడు రాజీకి వెళ్ళేటప్పుడు తన శవానికి చుట్టే కఫన్ గుడ్డ తానే రెండు చేతుల మీద మోసుకుని ఆ ఇంటికి నడుస్తాడు. తను చేసినదానికి ఏం మోసుకెళ్ళాలో శెహతాకు తోచలేదు. మూడో రోజు ఫోన్ ఒక్కటీ పట్టుకుని వెళ్ళాడు.

పెద్దమ్మ నేల మీద కూర్చుని ములూఖియా ఆకు తుంపుతోంది.

“రా నాన్నా. తిన్నావా?”

ఆ మాటకే శెహతా కుప్పకూలిపోయాడు. “తప్పు చేశాను పెద్దమ్మా. ఆ రోజు నీకు తెలియకుండా ఫోన్ పెట్టి...”

“తెలియకుండా ఏంటి? చూశాగా. అరమర మీద నీ ఫోన్‌లో గీతలు కదులుతూనే ఉన్నాయి. పక్కింటి ఉమ్ హాషిమ్ తీసి బయట పారేస్తానంది. నేనే వద్దన్నా.”

శెహతా తలెత్తి ఆమె వంక చూశాడు.

“వాడికి తమ్ముడివి కదా, దాచుకుంటావనుకున్నా. నేను పోయాక కూడా నా బిడ్డ కోసం ఏడ్చిన ఏడుపు ఒకచోట ఉంటుందనుకున్నా. అందుకే లేచి, అరమర దగ్గరికొచ్చి కాస్త గట్టిగా పాడాను.”

ఆ పదకొండు సెకన్లు అవే. శెహతా తల మోకాళ్ళలో దాచుకున్నాడు. కొట్టినా, తిట్టినా, ఉమ్మేసినా బాగుండుననిపించింది.

“పెళ్ళి సామాను మీద పెడతావనుకోలేదురా. పాపం ఆ పిల్ల. ఏ కీడూ తగలకూడదని మూడ్రోజుల్నుంచి దాని కోసం దువా చేస్తున్నా.”

“పాట తీసేశాను పెద్దమ్మా. కానీ జనం...”

“జనాన్ని నువ్వేం చేస్తావు, వదిలెయ్.” చేతులు కొంగుకు తుడుచుకుంది. “లేచిన ఆ కాసేపు తప్ప ఆ రోజు ఏమేం పాడానో నాకు ముక్క గుర్తులేదు. ఒంటి మీద తెలివి ఉంటేగా. వాడి చిన్నప్పటివన్నీ చెప్పానట, పాలు మరిచిన రోజు దగ్గర్నుంచి. మళ్ళీ పాడదామంటే రాదు. నీ దగ్గర ఉందిలే అని ఊరుకున్నా. పెట్టు, మొత్తం వింటాను.”

ఆకు పక్కకు నెట్టి, దగ్గరికి జరిగి, కళ్ళు మూసుకుని ఫోన్ కేసి చెవి వంచింది.  శెహతా దగ్గర ఉన్నదొక్కటే ముక్క, అదే నొక్కాడు. పదకొండు సెకన్లకు అయిపోయింది.

పెద్దమ్మ కళ్ళు తెరవలేదు. “తరవాతది?” అంది.

“తరవాతది లేదు పెద్దమ్మా. ఫోన్ నిండిపోయిందని చెరిపేశాను.”

ఆమె చాలాసేపు చెవి అక్కణ్ణుంచి తియ్యలేదు.