రైలుకు డిలే, నాకు లేటు

లేటు, డిలే ఒకటేనంటారు. నేను ఒప్పుకోను. లేటంటే ఎవరో ఒకరు దోషి. డిలే అంటే ఎవరూ కారు, అది వానలాగా వచ్చిపడుతుంది. ఈ తేడా తెలిశాక నేనెప్పుడూ లేటు కాలేదు. ఆఫీసుకు డిలే, భోజనానికి డిలే. మా పెళ్లి పీటల మీదికి కూడా డిలేగానే వచ్చానని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది.

హిందూపురంలో అక్క కూతురి నిశ్చితార్థం. మా ఇళ్లలో మేనమామ పెట్టిన చీర కడితేగాని పిల్ల పీటల మీద కూర్చోదు. ధర్మవరంలో ఆ చీర తీసుకుని, రాహుకాలం రాకముందే చేర్చడమొక్కటే నా పని. పొద్దున్నే చీరతో రైలెక్కాను. దారి మధ్యలో పెనుకొండలోనే దిగిపోయాను. ఎర్రమంచిలో కార్ల ఫ్యాక్టరీలో పనిచేసే స్నేహితుడు కొత్త కారు కొన్నాడు, దింపుతానన్నాడు. మేనమామ కారులో దిగితే ఆ దర్జా వేరు కదా అనుకున్నాను. వాడు ముందు గోరంట్లలో అత్తగారికి కారు చూపించాలన్నాడు. ఆమె కారుకు దిష్టి తీసి, మాకు ఉగ్గాని బజ్జీ పెట్టింది. వద్దనలేదు. రెండోసారి పెట్టినా వద్దనలేదు.

అక్క ఫోన్ చేసింది. "యాడుండావురా?"

"డిలే అయిందక్కా."

రైలన్న మాట నేననలేదు. అక్కే కలుపుకుంది.

నేను చేరేసరికి రాహుకాలం మొదలైపోయింది. పిల్ల నగలన్నీ పెట్టుకుని, పాత చీరలో లోపలి గదిలో కూర్చుంది. నన్ను చూసి మొహం తిప్పుకుంది. హాల్లో పెళ్లికొడుకు వాళ్లు రెండో విడత కాఫీ తాగుతూ నా కోసం రైళ్లను తిడుతున్నారు. పెళ్లికొడుకు తాత మాత్రం ఫోన్ చూస్తున్నాడు.

"ఏమప్పా, రైలు రైట్ టైముకే వచ్చినట్లు ఈడ చూపిస్తాండాదే?"

అక్క మొహం పాలిపోయింది. ఇంతమందికి రైలు డిలే అని చెప్పింది తనే. ఇంకో అబద్ధం నా నాలుక చివరనే ఉంది. అక్కను చూసి మింగేశాను.

"రైలు సరిగ్గానే వచ్చింది తాతా. లేటయింది నేను. అక్కకు సరిగా చెప్పనిదీ నేనే."

ఆయన ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. "పోనీలేప్పా. మా వాని మేనమామ ఇంకా రానేలేదు. అడిగితే డిలే అంటాండాడు."

రాహుకాలం పోయాక పిల్ల నేను తెచ్చిన చీరే కట్టుకుని పీటల మీద కూర్చుంది. ముందుగా అక్షింతలు వేయబోతే అక్క నా చెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది.

"అందరిదీ అయినాక వెయ్యి. నీకు అలవాటే కదా."