స్టేషను దగ్గరి ఇల్లు, ఉడకని పప్పు

పప్పులో పలుకు తగిలితే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. పెళ్ళి భోజనమైనా సరే, వడ్డించేవాడి ముఖం మీదే చెప్పేస్తాను. ముసలిదానికి చాదస్తం అని ఇంట్లోవాళ్ళు నవ్వుకుంటారు. నవ్వుకోనీ. ఎదిగే వయసులో ఏళ్ళ తరబడి ఉడకని కందిపప్పు తిన్నదాన్ని నేను. ఎందుకు తిన్నానో చెప్పాలంటే మార్కాపురంలో మేము అద్దె ఇల్లు వెతుక్కున్న సంగతి చెప్పాలి.

తెల్లదొరల కాలం అది. మాది హనుమంతునిపాడు పక్కన ఒక మెట్ట పల్లె. అన్నదమ్ములు పంచుకున్నాక నాయన వాటాకు వచ్చిన చేను రాళ్ళచేను. దానికి తోడు వానలు మొహం చాటేశాయి. మార్కాపురంలో పలకల వ్యాపారి దగ్గర నాయనకు పని దొరికింది. గోదాములో పలకల్ని గడ్డి పరిచిన చెక్కపెట్టెల్లో సర్దించాలి, ఆ పెట్టెల్ని ఎద్దుబండ్ల మీద రైలు స్టేషనుకు తోలించి అప్పజెప్పి రావాలి. స్టేషను ఊళ్ళో లేదు, ఊరు దాటి పొలాల మధ్య ఉండేది. జట్కాలు తిరిగేవి గానీ రోజూ జట్కా ఎక్కే తాహతు మాకెక్కడిది? అద్దె మాకు అందుబాటులో ఉండాలి, గోదాముకు, నా బడికి, సంతకు నడిచే పోయేట్టుండాలి. నాయన కోరుకున్న ఇల్లు అది.

"కాళ్ళకు అందే ఇల్లు గావాల" అన్నాడు.

అమ్మ పైకి చెప్పిన షరతు ఒక్కటే, ఆ ఇంటి నీళ్ళకు పప్పు ఉడకాలి. మా వైపు బావుల్లో సగం ఉప్పునీళ్ళే. వాటిలో కందిపప్పు పొద్దుగూకేదాకా పొయ్యి మీద పెట్టినా గింజ గింజగానే ఉంటుంది. అందుకని అమ్మ పిడికెడు పప్పు కొంగున కట్టుకుని ఇళ్ళు చూడటానికి బయల్దేరేది. ఇల్లు చూడటం అయ్యాక ఇంటావిణ్ణి అడిగి బావినీళ్ళు ఒక చెంబు పట్టుకునేది. మేము దిగిన చుట్టాలింటి పెరట్లో మూడు రాళ్ళు పెట్టి ఆ నీళ్ళతో పప్పు వేసేది. రుచి చూసే పని నాది.

అమ్మ మనసులో ఉన్న షరతు వేరు. అమ్మ పుట్టిల్లు తర్లుపాడు. మార్కాపురం స్టేషనులో రైలెక్కితే తర్వాతి స్టేషనే. అక్కడ మా అవ్వకు, అంటే అమ్మను కన్నతల్లికి, చూపు పోయింది. మామా అత్తా పొద్దున్నే చేనికి పోతే మళ్ళీ చీకటి పడేదాకా ఆమె ఇంట్లో ఒక్కతే. మా పల్లె నుంచి అమ్మ ఏడాదికోసారి పోగలిగితే గొప్ప. అదీ తన అత్తగారిని అడిగి, బావల్ని అడిగి, బండి కట్టించుకుని. ఇప్పుడు రైలుకు నడిచిపోయే దూరంలో కాపురం పెడితే వారానికోసారి తల్లిని చూసి సాయంత్రానికి తిరిగి రావచ్చు. ఊరి నడుమ ఇల్లయితే ఆడమనిషి ఒంటరిగా బజారంతా దాటుకుని స్టేషనుకు నడవాలి, అది జరిగే పని కాదు. ఈ మాట నోరు తెరిచి చెప్పలేదు అమ్మ. పుట్టింటి కోసం కాపురం ఎక్కడుండాలో తేల్చిందన్న పేరు పడితే ఆ కాలపు కోడలు తలెత్తుకోలేదు. పప్పు ఉడకలేదంటే మాత్రం ఎవరూ కాదనరు. ఇదంతా నేను తర్వాత అర్థం చేసుకున్నది. ఆనాడు నాకు తెలిసింది పప్పు ఒక్కటే.

మొదటి ఇల్లు పలకలు కోసే వీధిలో. గడప మీద, గిన్నెల మీద, చివరికి ఆరేసిన బట్టల మీద కూడా బూడిదరంగు దుమ్ము. అక్కడి నీళ్ళకు పప్పు నిజంగానే ఉడకలేదు.

రెండోది అంగళ్ళ వీధి వెనక. రెండు గదులు, ముందు వసారా. గోదాము కూతవేటు దూరం, బడి పక్క సందులోనే. అద్దె కూడా మేము మోయగలిగినంతే. ఇంటావిడ మంచిది, నా చేతిలో బెల్లంముక్క పెట్టింది. నాయన ముఖం వెలిగిపోయింది. ఆ నీళ్ళతో అమ్మ పప్పు పొయ్యి మీద పెట్టిందో లేదో మెత్తగా విచ్చుకుంది. నేను గరిటె నాకి మళ్ళీ చెయ్యి చాపాను. అమ్మ రెండు గింజలు నోట్లో వేసుకుని, "ఊహూ, పలుకు తగుల్తాంది" అంది.

"లేదమ్మా, బాగా ఉడి..."

"నీకేం తెలుసు? ఊరుకో."

నాకు రోషం వచ్చింది. రుచి చూసే పని నాకిచ్చి నా మాట లెక్కచేయకపోవడమేమిటి? నాయన తల గోక్కున్నాడు. పప్పు సంగతిలో అమ్మ మాటకు ఇంట్లో తిరుగులేదు, కాబట్టి ఆ ఇల్లు పోయింది.

మూడోది స్టేషను దగ్గర. గూడ్సు షెడ్డు, జట్కాలు ఆగే చోటు, ఒక కాఫీ హోటలు, వాటి వెనక ఎవరో కంట్రాక్టరు అద్దెలకని కట్టించిన నాలుగు ఇళ్ళు. పొగ, మసి. గూడ్సు బండి వస్తే గోడలు అదురుతాయి. ఊళ్ళోవాళ్ళెవరూ అక్కడ ఉండరు గనక అద్దె తక్కువ. నాయన గోదాముకు, నేను బడికి ఊళ్ళోకి నడవాలి, దూరమే. అమ్మ వంటిల్లు చూడలేదు, పెరడు చూడలేదు. వాకిట్లో నిలబడి ప్లాటుఫారం వైపే చూస్తూ ఉండిపోయింది. నీళ్ళు పట్టుకోవడం నేను గుర్తుచేయాల్సి వచ్చింది.

ఆ సాయంత్రం పెరట్లో కట్టెలు అయిపోయాయి గానీ పప్పు మాత్రం ఉడకలేదు. గరిటె తిప్పితే గిన్నెలో గలగలమంటోంది. అమ్మ ఒక గింజ నోట్లో వేసుకుంది.

"ఉడికింది. నీళ్ళు బాగుండాయి" అంది.

నేనూ ఒకటి కొరికాను. పన్ను ఊడొస్తుందేమో అనిపించింది. ఆ మాట అనబోతుంటే నాయన కూడా ఒక గింజ తీసుకుని చాలాసేపు నమిలాడు. అమ్మ వంక చూశాడు. అమ్మ తల ఎత్తలేదు, ఆరిపోయిన పొయ్యిని ఊదుతోంది.

"ఉడికిందిలే. రేపు సామాన్లు దింపుదాం" అన్నాడు నాయన.

అట్లా స్టేషను దగ్గర కాపురం పెట్టాం. తాగే నీళ్ళు మాత్రం పట్టాల అవతల ఒక మోటబావి నుంచి బిందెతో తెచ్చుకునేవాళ్ళం, అవి తాగడానికే సరిపోయేవి కావు. వంటంతా ఇంటి బావినీళ్ళే. అమ్మ పప్పు రాత్రే నానబెట్టేది, వంటసోడా వేసేది, పప్పుగుత్తితో మెదిపేది. ఏం చేసినా పలుకు పలుకే. నేను అన్నం ముందు కూర్చుని రోజూ సణిగేదాన్ని. నాయన మాత్రం మజ్జిగ పోసుకుని ఆ పప్పును మింగేసి చెయ్యి కడుక్కుని ఊళ్ళోకి నడిచిపోయేవాడు. కాళ్ళకు అందే ఇల్లు కావాలన్న మనిషికి ఆ ఇల్లు వచ్చాక చెప్పులు అరగడమే పనైంది.

శుక్రవారం పొద్దున అమ్మ ఉతికిన చీర కట్టుకుని, చిన్న మూటలో అవ్వ తలంటుకు సీకాయపొడి, నూనె పెట్టుకుని రైలెక్కేది. మొదటిసారి టిక్కెట్టు అడగడానికి నోరు పెగల్లేదట, ఊరి పేరు చెప్పి కొంగు నోటికి అడ్డం పెట్టుకుందట. రెండు మూడు వారాలకు జట్కావాళ్ళే, "అక్కా, తొందరగా నడువు, బండికి సిగ్నలు ఇచ్చినారు" అని కేకేసేవాళ్ళు. సాయంత్రం తిరిగొచ్చేసరికి ఆమె చేతులు సీకాయ వాసన వేసేవి. ఆ పూట నేను ఎంత సణిగినా నన్ను తిట్టేది కాదు.

సెలవుల్లో ఒకసారి నేనూ వెంట పోయాను. అవ్వ గడపలో కూర్చుని ఉంది. రైలు కూత వినపడగానే కొప్పు విప్పుకుని కూర్చుంటుందని మా అత్త చెప్పింది. మేము పోయేసరికి తెల్లటి వెంట్రుకలు భుజాల మీద పరుచుకుని, ముఖం స్టేషను దారి వైపు పెట్టి ఉంది.

"వచ్చినావా అమ్మీ?" అంది, అమ్మ ఇంకా చెప్పులు విప్పకముందే.

ఆ తలంటు చూశాక కొన్నాళ్ళు నేను సణగలేదు. కొన్నాళ్ళే. పప్పు పప్పే కదా.

ఒక వేసవిలో పల్లె నుంచి నాయన తల్లి వచ్చింది. ఆమెను మేము జేజి అంటాం. జేజి ఒక ముద్ద నోట్లో పెట్టుకుని నమలడం ఆపేసింది.

"ఏందే ఇది? ఇట్లాంటి నీళ్ళు చూసుకోనా ఇంత దూరం వచ్చినారు? పప్పు ఉడికితేనే ఇల్లు తీసుకుంటానని ఊరంతా చెప్పుకున్నావంట గదా!"

అమ్మ గరిటె పట్టుకుని అట్లే నిలబడిపోయింది. ఆ రోజు శుక్రవారం కాకపోవడం మా అదృష్టం, లేకపోతే రైలు సంగతి కూడా బయటపడేది. నేను ఎప్పటిలాగే పప్పును తిట్టబోయి అమ్మ ముఖం చూసి ఆగిపోయాను.

"నేనే అట్ల వండమన్నానమ్మా" అన్నాడు నాయన, కంచంలోంచి తలెత్తకుండా. "మెత్తగా ఉడికితే నాకు సయించదు. పలుకు తగిలితేనే తిన్నట్టుంటాది."

పుట్టినప్పటి నుంచి కొడుకుకు అన్నం పెట్టిన తల్లికి ఆ మాట అబద్ధమని తెలియదా? అయినా జేజి ఆ ముద్ద మింగి మజ్జిగ పోయమంది. నాయన మళ్ళీ పప్పు వేయించుకుని తిన్నాడు. నాయన మీద నాకు అంతకుముందు అంత ప్రేమ ఎప్పుడూ కలగలేదు, ఆ తర్వాత ఎన్నోసార్లు కలిగింది.

అవ్వ ఒక చలికాలంలో పోయింది. కబురు పొద్దుటి రైలులో వచ్చింది, అమ్మ తర్వాతి రైలుకే పోయింది. ఆ ముందు శుక్రవారమే తలంటు పోసి వచ్చింది గనక ఆ మాటే పదేపదే చెప్పుకుంటూ ఏడ్చింది.

పెద్దదినం అయిపోయి అమ్మ ఇంటికొచ్చాక మొదటి శుక్రవారం. పొద్దున్నే లేచి అలవాటు కొద్దీ సీకాయపొడి తీసింది. అంతలో తర్లుపాడు వైపు పోయే బండి కూత వేసింది. అమ్మ పొడి చేతిలో పట్టుకుని వాకిట్లో నిలబడింది. బండి కదిలి, చప్పుడు పూర్తిగా పోయేదాకా నిలబడి, లోపలికి వచ్చి పొయ్యి రాజేసింది.

మధ్యాహ్నం నాయన అన్నానికి వచ్చాడు. ముగ్గురం కూర్చున్నాం. అమ్మ పప్పులో వేళ్ళు పెట్టి కలిపింది, తినలేదు.

"ఈ నీళ్ళకు పప్పు ఉడకడం లేదయ్యా. వేరే ఇల్లు చూడు" అంది.

నాయన తన కంచంలో ఒక గింజను వేలితో నొక్కి చూశాడు. "అవునే, ఉడకడం లేదు" అన్నాడు. "ఊళ్ళో చూస్తాలే."

ఆ నెలలోనే అంగళ్ళ వీధి వెనక ఇంట్లో దిగాం. అమ్మ వద్దన్న ఆ ఇల్లే మళ్ళీ ఖాళీ అయింది. అక్కడి నుంచి రైలు కూత వినపడదు. మొదటి రోజు పప్పు వెన్నలా ఉడికింది. నాయన, నేను కడుపునిండా తిన్నాం. అమ్మ ఒక్క ముద్ద పెట్టుకుని లేచి చెయ్యి కడుక్కుంది.