కన్యక పేరుతో ఆడిన ఆట

కన్యక ఆట వచ్చి టెన్నిస్ జట్టులో చేరలేదు. రాయచూరులో ఆమె చదివే ప్రైవేటు హైస్కూలు ఆ ఏడు ఆడపిల్లల జట్టును పంపాలనుకుంది. నలుగురు కావాలి, ముగ్గురే ఉన్నారు. పీటీ మాస్టరు తిరుమలేశ్ పదో తరగతి గదిలోకి వచ్చి వరుసలన్నీ చూసి, పొడుగ్గా ఉందని చివరి బెంచీలోంచి ఆమెను లేపాడు. తండ్రి గురురాజ్‌కు బజారులో బట్టల దుకాణం. ఆ ఇంట్లో ఏ ఆటా ఆడినవాళ్లు లేరు.

మొదటి నెల ఆమెకు రాకెట్ ఇవ్వలేదు. నెట్ దగ్గర నిలబెట్టి, చేతులు వెనక్కి కట్టుకోమని, మిగతా ముగ్గురితో ఆమె మీదికి బంతులు కొట్టించేవాడు మాస్టరు. వాళ్లకు గురి కుదరాలట. కెప్టెన్ సంజన కొట్టిన బంతి ఎప్పుడూ మెడ కిందే తగిలేది. కమిలిన చోట్లు చూసి తల్లి అడిగితే, పడ్డానని చెప్పింది కన్యక. ఎందుకు మానేయలేదంటే, సాయంత్రం గంట కొట్టగానే కిటికీలోంచి మాస్టరు ఆమెను పేరు పెట్టి పిలిచేవాడు. అంతకుముందు ఆ బడిలో ఆమెతో ఎవరికీ పని పడలేదు.

ఆ నెలలో ఒక్క విద్య వచ్చింది ఆమెకు. బంతి మొహం మీదికి వచ్చినా కళ్లు మూసేది కాదు. రాకెట్ చేతికిచ్చాక, వచ్చిన ప్రతి బంతినీ నెమ్మదిగా అవతలికి పంపేది. తాలూకా పోటీలు అలా దాటారు. జిల్లా ఫైనల్లో సింధనూరు జట్టుతో చెరొక సింగిల్స్ గెలిచి సమంగా నిలిచారు. ఇక డబుల్సే తేల్చాలి. జట్టులోని ధనశ్రీతో కలిసి కన్యక గంటన్నర ఆడింది. కొట్టి కొట్టి విసిగిపోయిన సింధనూరు పిల్లలు చివరికి బంతుల్ని బయటికి కొట్టుకున్నారు. ధనశ్రీ వచ్చి ఆమెను వాటేసుకుంది. ఆ బడిలో ఆమెను ఎవరైనా అలా దగ్గరికి తీసుకోవడం అదే మొదలు.

తర్వాతి పోటీలు కలబురగిలో. రైలెక్కాక చూస్తే వాళ్లతో కొత్త అమ్మాయి ఉంది. పేరు సాహితి. పోతనాళ దగ్గర కాలువ కింద వరి పండించే హరిబాబు కూతురు, బళ్లారిలో నాలుగేళ్లు టెన్నిస్ నేర్చుకుంది. హైస్కూలు దాటి రెండేళ్లయింది. మాస్టరు కన్యక సంచిలోంచి జట్టు చొక్కా తీసి ఆ అమ్మాయికిచ్చాడు.

"అక్కడి పిల్లలు గట్టిగ కొడ్తరు, నీతోని కాదు. మూడు దినాలు ఈమెనే కన్యక. నువ్వు సంజన చెల్లెలివి. ఎవరన్న అడిగితే గంతే చెప్పు," అన్నాడు.

పోటీల దరఖాస్తులో కన్యక పేరు పక్కన సాహితి ఫొటో అప్పటికే అతికించి ఉంది, బడి ముద్ర కూడా పడింది. కన్యక సంజన వైపు చూసింది. సంజన కిటికీలోంచి బయటికి చూస్తూ మిర్చి బజ్జీ తింటోంది.

మొదటిరోజు రెండు ఆటలు గెలిచారు. మైకులో కన్యక అని పిలిచినప్పుడల్లా, నీళ్ల సీసాలు మోస్తున్న కన్యక తెలియకుండానే లేవబోయేది. జట్టులో మూడో అమ్మాయి స్ఫూర్తి అది చూసి, మిగతావాళ్లకు చూపించి నవ్వింది.

మర్నాడు సెమీఫైనల్‌కు ముందు, ఈ పిల్ల పదో తరగతిలా లేదని అవతలి జట్టువాళ్లు ఫిర్యాదు చేశారు. రిఫరీ దరఖాస్తు పట్టుకుని సాహితిని పిలిచాడు. బడి పేరు, పుట్టిన తేదీ కన్నడంలో అడిగాడు. ఆమె బట్టీపట్టినవి తడుముకోకుండా చెప్పింది. తండ్రి పేరు అడిగాడు. హరిబాబు అనేసింది. దరఖాస్తులో గురురాజ్ అని ఉంది.

మాస్టరు కల్పించుకున్నాడు. అది ఇంట్లో పిలిచే పేరని, కావాలంటే పక్కింట్లో ఉండే సంజన చెల్లెల్ని అడగమని కన్యకను ముందుకు తోశాడు. నిజమేనా అన్నాడు రిఫరీ. సాహితి ఒంటి మీద తన చొక్కా చంకల్లో బిగిసి, చెమటకు తడిసి ఉంది. మాస్టరు చెయ్యి ఇంకా తన భుజం మీదే ఉంది.

"గురురాజ్ అంటే మా నాయిన. ఈమె నాయినెవరో నాకు తెల్వదు," అంది కన్యక తెలుగులో. ఆయనకు అర్థమైందో లేదోనని అదే మాట మళ్లీ కన్నడంలో చెప్పింది.

జట్టును వెళ్లగొట్టారు. తిరుగు రైల్లో ఆమె పక్కన ఎవరూ కూర్చోలేదు. ధనశ్రీ కూడా.

సోమవారం హెడ్‌మిస్ట్రెస్ శ్యామలాదేవి గదికి గురురాజ్‌ను పిలిపించారు. ఓడిపోతానని భయపడి కన్యకే మాస్టరుకు తెలియకుండా ఇంకో అమ్మాయిని పంపిందని కాగితం టైపు చేసి ఉంచారు. పోటీల దరఖాస్తు మీద ముద్ర వేసింది శ్యామలాదేవే కనుక ఆమె తల పైకెత్తలేదు.

"నాయినా, నేను చెయ్యలే," అంది కన్యక.

"నాకు తెల్సు బిడ్డా. పరీక్షల దరఖాస్తు ఇంక పోలే. అది వీళ్ల చేతుల ఉంది. పెట్టు సంతకం," అన్నాడు గురురాజ్. ముందు తను పెట్టి కలం ఆమె చేతికిచ్చాడు.

మర్నాడు ప్రార్థనలో ఆ కాగితం చదివారు. కన్యక రెండేళ్లు ఏ పోటీలోనూ ఆడకూడదని పోటీలు నడిపేవాళ్ల నుంచి ఉత్తర్వు వచ్చింది. పిల్లలు ఆమెకు హరిబాబు బిడ్డ అని పేరు పెట్టారు. పరీక్షలయ్యేదాకా ఆరో తరగతి పిల్లలు సైతం అలాగే పిలిచారు. తిరుమలేశ్ మాస్టరుకు ఏమీ కాలేదు. మరుసటి ఏడు తొమ్మిదో తరగతిలోంచి ఇంకో పొడుగు పిల్లను లేపాడు.

కన్యక పరీక్షలు గట్టెక్కి కాలేజీలో చేరింది. అక్కడ టెన్నిస్ జట్టు కడుతున్నారని, శుక్రవారంలోగా పేర్లు ఇవ్వాలని చెప్పారు. ఆ వారంలోనే బస్టాండులో సాహితి కనిపించింది. ఆటల కోటాలో బళ్లారిలో సీటు వచ్చిందట. కన్యక దగ్గరికి వెళ్లి, మాస్టరు చెబితేనే వచ్చానని ఒక్క కాగితం రాసిమ్మని, అది చూపిస్తే తన మీద ఉత్తర్వు తీసేస్తారేమోనని అడిగింది.

"రాసిస్తే నా సీటు ఉంటుందా?" అంది సాహితి, కోపం లేకుండానే. "ఆ రోజు నువ్వు కాస్త ఊరుకునుంటే నీకూ నాకూ ఈ గొడవే ఉండేది కాదుగా."

ఇంకేదో చెప్పబోయి, బళ్లారి బస్సు రావడంతో సంచి అందుకుని ఎక్కేసింది. కన్యక నడిచి కాలేజీకి వెళ్లింది. మొదటి క్లాసు అయిపోయింది. జట్టుకు పేరు ఇవ్వలేదు. శనివారం జట్టు పేర్లు నోటీసు బోర్డు మీద పెట్టారు. అందరూ వెళ్లి చూశారు. ఆమె వెళ్లలేదు.