పైయింటికి ఎక్కే బండి

మా మరిదిని అందరూ బోల్టు అంటారు. నలభై ఏళ్ళు కార్ల కింద వెల్లకిలా పడుకుని బతికాడు. బండి రంగేమిటో చెప్పలేడు గానీ, దాని కడుపులో ఏముందో కళ్ళు మూసుకుని చెప్తాడు. మనుషుల దగ్గరికొచ్చేసరికి ఆ తెలివి ఎటు పోతుందో!

ఇల్లు గుట్ట మీద, తన చేతుల్తో కట్టుకున్నాడు. దారంతా బంకమట్టి. వాన పడితే సబ్బు రాసినట్టే. మా తోడికోడలు ఆ దారిలోనే జారి తుంటి విరగ్గొట్టుకుంది. రెండేళ్ళుగా కిటికీ పక్కన మంచమే ఆవిడ లోకం. ఆవిడ దగ్గర గుడ్డలు కుట్టించుకునేవాళ్ళు గుట్ట ఎక్కలేక రావడం మానేశారు.

"కింద వీధిలో ఒక్క గది చూడండి. నాలుగు గొంతులు వినబడితే చాలు" అని ఆవిడ అడగని రోజు లేదు.

"బండి కొంటాను కదే. ఎప్పుడు కావాలంటే అప్పుడు దిగుదువు గాని" అంటాడు మా మరిది.

తోడు రమ్మంటే పాత కార్లమ్మే చోటికి నేనూ వెళ్ళాను. అమ్మేవాడు ఎర్ర కారు తలుపు తీసి సీటు నిమురుతున్నాడు. మా మరిది వెనక సీట్లో కూర్చుని, మధ్యలో నేలను కాలితో తడిమి దిగిపోయాడు.

"నేల చదునుగా ఉంది వదినా. ఇంజను బలాన్ని వెనక చక్రాలకి చేర్చే షాఫ్టు లేదు. ముందు చక్రాలే లాగుతాయి. ఎత్తు ఎక్కేటప్పుడు బరువు వెనక్కి పోతుంది, ముందువి తేలిపోయి ఉత్తినే తిరుగుతాయి."

"నాలుగూ తిరుగుతాయి కదయ్యా?"

"తిరగడం వేరు, లాగడం వేరు."

"మా ఇంట్లో మగాళ్ళని చూశాక ఆ మాత్రం తెలియాల్సింది" అన్నాను. అమ్మేవాడు నవ్వాడు. మా మరిది నవ్వలేదు.

ఇంకోదానికి వెనక చక్రాలు లాగుతాయట. ఎక్కుతుంది గానీ, తడిలో దిగేటప్పుడు తోక తిప్పేస్తుందట. ఇలా మూడు నెలలు వంకలు పెట్టాడు. ఈలోపు వానలొచ్చాయి. ఆవిడ డాక్టరు దగ్గరికి వెళ్ళాలంటే కుర్చీలో కూర్చోబెట్టి నలుగురు మోసేవాళ్ళు. ఆవిడ మొహానికి కొంగు కప్పుకునేది.

చివరికి నాలుగు చక్రాలూ లాగే బండి దొరికింది. "డీజిలు తాగుతుంది. పైగా బ్రేకు కొడితే మామూలు బళ్ళలాగే జారుతుంది, దీనికేం కొమ్ముల్లేవు. కానీ ఎక్కుతుంది" అన్నాడు.

ఎక్కింది కూడా. జోరువానలో, ఆగకుండా. మర్నాడు ఆవిణ్ణి కూర్చోబెట్టుకుని కింద వీధిలో మా ఇంటికి తెచ్చాడు. వీధిలోవాళ్ళంతా వచ్చి పలకరించారు. రెండేళ్ళ తర్వాత ఆవిడ పళ్ళు కనబడేలా నవ్వింది.

పొద్దు వాలుతుంటే మా మరిది లేచాడు. "పదవే."

"మీరెళ్ళండి."

"భయం లేదే. నాలుగూ లాగుతాయి."

"భయం కాదండీ. అది బాగా ఎక్కుతోంది. అదే నా ఏడుపు. ఇక మీరు నన్ను ఎప్పటికీ కిందికి మార్చరు."

ఆయన గుమ్మంలో నిలబడిపోయాడు. తాళాలు చేతిలో తిప్పుకుంటూ వెళ్ళిపోయాడు.

ఎనిమిది నెలలైంది. ఆవిడ మా ముందు గదిలోనే ఉంది. పక్క వాటా ఖాళీగా ఉందయ్యా, వచ్చేయమని ఎన్నిసార్లు చెప్పానో! "నేను కట్టిన ఇల్లు వదిలేసి రమ్మంటావా, వదినా?" అంటాడు. రోజూ పొద్దున్నే వస్తాడు, వీధిలో బండాపి లోపలే కూర్చుంటాడు. ఈవిడ కిటికీలోంచి చూస్తుంది, పిలవదు. కాఫీ గ్లాసు నేనే తీసుకెళ్ళి ఇస్తాను. తాగి, ఖాళీ గ్లాసు నా చేతికిచ్చి, "తిన్నదా?" అంటాడు.

"దిగి నువ్వే అడుగు" అంటాను.

బండి స్టార్టు చేసుకుని పోతాడు.