మఫ్లర్ సారు చెప్పని ముగింపు

ప్రమాదాన్ని పసిగట్టిన క్షణం నాకు బాగా గుర్తుంది. శుక్రవారం సాయంత్రం, నంద్యాలలో మా వంటింట్లో, పదేళ్ళ మా అమ్మాయిని ఎదురుగా నిలబెట్టి అబద్ధం ఎందుకు ఆడకూడదో చెబుతున్నాను. డబ్బాలో పెట్టిన కాకరకాయ కూరను స్నేహితురాలికి అంటగట్టి, తానే తిన్నానని చెప్పింది మరి. పక్కన ఆరేళ్ళ తమ్ముడు కూడా శ్రద్ధగా వింటున్నాడు. "మీ అమ్మ ఇంతవరకు ఒక్క అబద్ధమన్నా చెప్పిందా?" అని నేను గరిటె ఎత్తిన ఘడియలోనే ఫోను మోగింది. మా చుట్టాల గ్రూపులో, బెంగళూరులో ఉండే చిన్నమ్మ కొడుకు ఒక వీడియో పెట్టి, కింద ఒక్క మాట రాశాడు: "దొరికింది." చూస్తే, మెడకు మఫ్లరు చుట్టుకున్న మనిషి. గరిటె దించేశాను. పాతికేళ్ళుగా ఎక్కడా దొరకకూడదని నేను మొక్కుకుంటున్నది దాన్నే.

ఆ రోజుల్లో అంటే అవేవో బంగారు రోజులని కాదు. కరెంటు తనకు బుద్ధి పుట్టినప్పుడు వచ్చి, మనకు అవసరమైనప్పుడు వెళ్ళిపోయే రోజులు. ఆళ్లగడ్డలో మా వీధి మొత్తానికీ నమ్మకమైన టీవీ మా చిన్నాయన ఇంట్లో ఉండేది. మంగళవారం రాత్రి దాంట్లో ఒక హిందీ డిటెక్టివ్ సీరియల్ వచ్చేది. ఎండాకాలంలో కూడా మఫ్లరు తీయని ఆ డిటెక్టివుకు అసలు పేరేమిటో మాలో ఎవరికీ పట్టలేదు, మఫ్లర్ సారు అనేవాళ్ళం. ఆయన మఫ్లరు విప్పి, దాని కొసతో కళ్ళద్దాలు తుడిచాడంటే దొంగ దొరికినట్టే. హిందీ కూడా ఎవరికీ పట్టేది కాదు. వీధి చివర బట్టలు కుట్టే మిషను మామ ఒక్కడికే ఆ భాష వచ్చు. ఆయన గోడకు ఆనుకుని కూర్చుని, మాటకు మాట తెలుగులో చెబుతూ పోయేవాడు. (డిటెక్టివు ఇంగ్లీషులో ఏమన్నా అంటే మాత్రం, "అది మనకు పనికొచ్చే ముక్క గాదులే" అనేవాడు.)

అందరికీ ప్రాణమైనది ముత్యాల హారం కథ. బొంబాయిలో ఒక షావుకారు ఇంట్లో పెళ్ళికి ముందురోజు హారం మాయమవుతుంది. వంటమనిషి మీద అనుమానం, మేనల్లుడి మీద అనుమానం. ముసలమ్మ నాడి చూడడానికి ఒక డాక్టరు వచ్చి రెండు నిమిషాలు కనిపించి పోతాడు. మొదటి వారం, మఫ్లర్ సారు మఫ్లరు మీద చెయ్యి వేయగానే ఆపేశారు. ఆ వారమంతా వీధిలో ఎవరూ సరిగ్గా నిద్రపోలేదు. రెండో వారం మంగళవారం నాకు దవడ పన్ను సలిపింది. నాయన నన్ను నంద్యాల తీసుకుపోయి పీకించి, రాత్రికి మేనత్త ఇంట్లో ఉంచాడు. ఆ సీరియల్ పట్టని నాయనా మేనత్తా అన్నం తిని మిద్దెమీద పడుకున్నారు. టీవీ ముందు కూర్చున్నది నేనొక్కదాన్నే. సీరియల్ మొదట్లో వచ్చే సంగీతం విన్నాను. ఆ తర్వాత నేను విన్నది పొద్దున్నే పాలవాడి కేక. మధ్యలో జరిగినదంతా పన్ను డాక్టరు ఇచ్చిన మాత్ర మింగేసింది.

సరిగ్గా అదే రాత్రి ఆళ్లగడ్డలో ట్రాన్స్‌ఫార్మర్ పేలిపోయిందని నాకు బస్సు దిగాకే తెలిసింది. చిన్నమ్మా, మిషను మామా, ఇంకో పదిమందీ బస్టాండుకే వచ్చేశారు. నా వాచిన బుగ్గ గురించి ఒక్కరూ అడగలేదు. "చూసినావా, లేదా? అది చెప్పు," అంది చిన్నమ్మ. నోట్లో దూది ఉంది. రేపటిదాకా మాట్లాడకూడదని డాక్టరు అన్నట్టు నాయన ప్రకటించాడు. తల అడ్డంగా ఊపితే సరిపోయేది. కానీ అంతమంది పెద్దవాళ్ళు నా ముఖంలోకి అంత ఆశగా చూడడం నా పదేళ్ళ జీవితంలో అదే మొదలు. తల నిలువుగా ఊగింది.

ఇంక ఆ రోజు నాకు జరిగిన మర్యాద నా పెళ్ళిలో కూడా జరగలేదు. ఫ్యాను కింద కుర్చీ, చల్లారబెట్టిన జావ, బుగ్గకు అద్దుకోవడానికి మిషను మామ తెచ్చిన ఐసు. పలక మీద రాసి చూపించమందామని ఎవరో అంటే చిన్నమ్మ కొట్టిపారేసింది. "రాస్తే రుచి పోతాది. నోటితోనే చెప్పల్ల." అట్లా నాకొక పగలూ ఒక రాత్రీ గడువు దొరికింది. దొంగను కనిపెట్టడానికి మఫ్లర్ సారుకైనా ఆధారాలు ఉండేవి, నాకున్నది పీకిన పన్ను ఒక్కటే. మరునాడు దూది తీసి, దొంగ డాక్టరేనని చెప్పాను. ముసలమ్మకు చేసిన కట్టుడుపళ్ళ సెట్టులో, పళ్ళకు బదులు ముత్యాలు పొదిగాడని చెప్పాను. మఫ్లర్ సారు ముసలమ్మను నవ్వించి, ఆ తళుకు చూసి పట్టేశాడని చెప్పాను. చిన్నాయన తొడ చరిచాడు. ఆళ్లగడ్డలో అంతకంటే గొప్ప ముగింపు ఎవరూ వినలేదట. (మా అవ్వకు కట్టుడుపళ్ళు పెట్టించాలని నాయన అనుకుంటున్న రోజులవి. ఈ కథ విన్నాక ఆమె వాటిని ముట్టనంది. చివరిదాకా వక్కను చిన్న రోట్లో దంచుకునే తినింది. ఆ రోలు చప్పుడు విన్నప్పుడల్లా నాకు అన్నం దిగేది కాదు.)

ఆదివారం చిన్నమ్మ ఇంట్లో అందరూ కలిసి మళ్ళీ చూడాలని గ్రూపులో నిర్ణయం జరిగిపోయింది. నేను జ్వరం అన్నాను, పిల్లల పరీక్షలు అన్నాను. పరీక్షలెప్పుడని మా అమ్మాయి ఆసక్తిగా అడిగేసరికి ఊరుకున్నాను. దానికి ముత్యాల పళ్ళ కథ కంఠతా వచ్చు. నిద్రపుచ్చడానికి నేనే వంద సార్లు చెప్పాను, నేను చూశాననే చెప్పాను. ఎవరేమన్నా పరవాలేదు, అది నా ముఖంలోకి చూసి, కాకరకాయ సంగతి ఎత్తితే ఏం చేయాలన్నదే నా దిగులు. బస్సులో ఆళ్లగడ్డ దాకా ఒకటే మొక్కు, కరెంటు పోవాలని. పోలేదు. ఈ కాలం కరెంటుకు అసలు కనికరం లేదు.

చిన్నమ్మ ఇంట్లో పాత జనమే, జుట్టు మాత్రం మారింది. మిషను మామ అదే గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఫోనులోని బొమ్మను పెద్ద టీవీలోకి ఎక్కించింది మా అమ్మాయే. సంగీతం మొదలుకాగానే అందరూ గొంతు కలిపారు. వంటమనిషి రాగానే చిన్నమ్మ తిట్టింది, మేనల్లుడు రాగానే చిన్నాయన తిట్టాడు. డాక్టరు తెరమీదికి రాగానే అందరూ ఒక్కసారి నావైపు చూసి, తెలిసినవాళ్ళు నవ్వుకునే నవ్వు నవ్వారు. మఫ్లర్ సారు మఫ్లరు విప్పాడు. అద్దాలు తుడిచాడు. వేలు ఎత్తి చూపించాడు. షావుకారును.

అప్పుల్లో మునిగిన షావుకారు తన హారం తానే దాచుకున్నాడట. హిందీలో అది ఎంత తేటగా చెప్పారంటే నాకే అర్థమైంది. మిషను మామ నోరు తెరిచి, నావైపు చూశాడు. నా ముఖం ఎట్లా ఉందో తెలియదు, మళ్ళీ బుగ్గ వాచినంత బరువుగా అనిపించింది. ఆయన గొంతు సవరించుకుని, ఎప్పటిలాగే నిదానంగా మొదలుపెట్టాడు. "ఏమంటాండాడంటే, షావుకారూ, నీ కండ్ల ముందరే మోసం జరిగింది, డాక్టరు ముత్యాలన్నీ పండ్ల సెట్టులో పెట్టినాడు, అంటాండాడు."

తెరమీద పోలీసులు షావుకారు చేతులకు బేడీలు వేశారు.

"అదేందన్నా, ఆయప్పకు బేడీలేస్తాండారు?" అంది చిన్నమ్మ.

"సాక్షమ్మా. కోర్టుకు పిల్చుకపోతాండారు."

"సాక్షికి బేడీలా?"

"పెద్ద సాక్షి," అన్నాడు మామ. "పారిపోతే యాడ ఎతుకుతారు?"

చిన్నాయన తృప్తిగా తొడ చరిచాడు. అందరూ టీకి లేచారు. నేను చెప్పినంత బాగా వీళ్ళు తీయలేదని మాత్రం చిన్నమ్మ తేల్చేసింది. గడప దగ్గర చెప్పులేసుకుంటుంటే మామ నా పక్కకొచ్చి నిలబడ్డాడు. ఎప్పుడు తెలిసిందని అడిగాను.

"ఆ పొద్దే. బొంబాయి డాక్టరు వచ్చి ముసలామెను 'నోరు తెరువు పాపా' అన్నాడని చెప్తివి గదా. అది మీ నంద్యాల డాక్టరు మాట." ఆయన నవ్వాడు. "పోనీలే. నీదే బాగుండాది. వీళ్ళకు ముగించేది చాతగాలే."

గండం గడిచిందనుకుంటూ బస్సెక్కాను. ఊరు దాటాక మా అమ్మాయి నా చెవి దగ్గరికి వచ్చింది. దానికి బడిలో హిందీలో మంచి మార్కులు వస్తాయని ఆ క్షణందాకా నాకు గుర్తు రాలేదు.

"అమ్మా, దొంగ డాక్టరు కాదు, షావుకారే. ఆ తాతకు హిందీ రాదమ్మా. మొత్తం తప్పు చెప్పినాడు. పాపం, ఎవరికీ తెలీలేదు." నా భుజం మీద తల ఆనించింది. "నువ్వు కూడా చిన్నప్పుడు ఆ తాత చెప్పిందే విని నమ్మినట్టుండావు. రేపు పొద్దున గ్రూపులో నేను కరెక్టుగా రాసి పెడతా."

చూడండి, నేను వెతుక్కోకుండానే దారి దొరికింది. ఊఁ అంటే చాలు. నేను నిర్దోషిని, తప్పంతా ఆ ముసలాయనది. వీధికంతా ఒకే ఒక్క హిందీ మనిషిగా నలభై ఏళ్ళు బతికిన ఆయన పేరు, పది గంటలకల్లా గ్రూపులో పోతుంది. ఊఁ అనలేదు కానీ, కాదని కూడా అనలేదు. నిద్రొస్తోందన్నాను. (నిద్రకు నా కథల్లో మొదటినుంచీ ముఖ్యపాత్రే.) ఆ పదేళ్ళ పిల్ల, నోట్లో దూదితో, తల ఊపి కుర్చీ ఎక్కిన పిల్ల, ఇప్పుడు ఎదురుగా వస్తే తిట్టాలో ఎత్తుకోవాలో తెలియలేదు. ఆ కుర్చీ ఎంత ఎత్తుగా అనిపించిందో నాకింకా గుర్తుంది మరి.

మరునాడు పొద్దున పిల్లలిద్దరికీ దోసెలు వేసి, ఫోను మా అమ్మాయి చేతిలోంచి తీసుకుని, పక్కన కూర్చుని చెప్పాను.

"గ్రూపులో రాయొద్దు. ఆ తాతకు హిందీ బాగా వచ్చు, మీ టీచరుకంటే బాగా వచ్చు. ఆ రోజు టీవీ ముందు నిద్రపోయింది నేను. ఆ ముగింపు నేను చూడలేదు. నేనే అల్లి చెప్పినా."